గవర్నమెంట్ స్కూల్ పిల్లలకి ట్రిపుల్ ఐటీ సీట్ల కోసం టెన్త్ జీపీఏకి 0.4 కలపడం మెరిట్‌కి అన్యాయం కాదా?

నేను ఆ 0.4 తోనే నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరినవాడిని, 2013 బ్యాచ్. కాబట్టి ఈ ప్రశ్న నన్నే అడిగినట్టుంది. నా టెన్త్ జీపీఏ, అంటే సబ్జెక్టుల గ్రేడ్ పాయింట్ల సగటు, 9.3. తెలుగు, హిందీ, సోషల్ పదికి పది, ఇంగ్లీషు, సైన్స్ తొమ్మిది, మ్యాథ్స్ ఎనిమిది. హాస్టల్ లేని గవర్నమెంట్, జడ్పీ, మున్సిపల్ స్కూళ్ళలో చదివిన పిల్లలకి అప్పుడు డిప్రివేషన్ స్కోర్ (సదుపాయాల లోటుకి ఇచ్చే పాయింట్లు) అని 0.4 కలిపేవాళ్ళు, అది కలిస్తే నాది 9.7 అయ్యింది.

అసలు ఆ మ్యాథ్స్‌లో ఎనిమిది ఎలా వచ్చిందో చెప్తా. మాది అప్పటి ప్రకాశం జిల్లాలో మార్కాపురం వైపు పల్లెటూరు. టెన్త్ మొదలైన రెండో నెలలోనే మా మ్యాథ్స్ సార్ ప్రమోషన్ మీద వెళ్ళిపోయారు, ఆ పోస్టులోకి సంక్రాంతి దాకా ఎవరూ రాలేదు. అప్పటిదాకా మాకు లెక్కలు చెప్పింది సోషల్ సార్. ఆయన తప్పేం లేదు, పాపం ఎవరూ అడక్కుండానే ఆ పీరియడ్ తీసుకున్నారు. ఒకరోజు త్రికోణమితిలో ఒక లెక్క బోర్డు మీద సగం దాకా చేసి ఆగిపోయారు. చాక్‌పీస్ పట్టుకుని అలాగే కాసేపు నిలబడి, మా వైపు తిరిగి "రేపు చెప్తాన్రా" అన్నారు. క్లాసులో ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ సాయంత్రం బస్సెక్కి పక్క మండలంలో ఆయనకి తెలిసిన మ్యాథ్స్ సార్ ఇంటికి వెళ్ళి, ఆ చాప్టర్ మొత్తం చెప్పించుకుని, రాత్రి ఆఖరి బస్సుకి వచ్చారంట. మర్నాడు పొద్దున్నే ఒక పెళ్ళి శుభలేఖ వెనక రాసుకున్న స్టెప్పులు చూసుకుంటూ ఆ లెక్క పూర్తి చేశారు. ఆ ఏడాది కరెంటు కోతలు ఎట్లా ఉండేవో మన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, సాయంత్రం స్టడీ అవర్ అంటే వరండాలో వెలుతురు ఉన్నంతసేపే.

ఇక నూజివీడు వెళ్ళాక నా రూమ్‌మేట్ ఒకడు సిటీలో పెద్ద కార్పొరేట్ స్కూల్ నుంచి వచ్చాడు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. వాళ్ళకి ఒక్క మ్యాథ్స్‌కే ముగ్గురు సార్లంట, పాఠం చెప్పడానికి ఒకరు, డౌట్లకి ఒకరు, రాత్రి స్టడీ అవర్‌లో కూర్చోడానికి ఇంకొకరు. మంచివాడే, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. కానీ మొదటి వారంలోనే నలుగురి ముందు "నీది 9.3 రా, మిగతాది గవర్నమెంట్ గిఫ్ట్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం నాన్నకి ఫోన్ చేసి వచ్చేస్తా అని చెప్పా, నేను ఎవడి సీటో లాక్కున్నానేమో అని కూడా అన్నా.

మా నాన్న వారం సంతల్లో కూరగాయలు అమ్ముతాడు, ఐదో తరగతితో ఆగిపోయాడు. ఆయన అన్న మాట ఇదీ: "తక్కెడలో ఒక పళ్ళెం తేలిగ్గా ఉంటే మనం ఏం చేస్తాం? దానికి పాసంగం కట్టి రెండూ సమం చేసుకున్నాకే కదా సరుకు వేసేది. పాసంగం కట్టకుండా తూస్తేనే దొంగ తూకం. నీకు కట్టింది పాసంగం, అంతే, చదువుకో."

మెరిట్ మెరిట్ అనేవాళ్ళకి నేను చెప్పేది కూడా అదే. ముగ్గురు సార్లు ఉన్నవాడి పదీ, సారే లేనివాడి ఎనిమిదీ ఒకే తూకం ఎట్లా అవుతాయి? నా లెక్క ప్రకారం 0.4 చాలా తక్కువ.

ఇంకోటి, ఇది ప్రశ్నలో లేదు కానీ చెప్పకుండా ఉండలేను. ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటాలో పోతాయి, ర్యాంకు ఎంతొచ్చినా డబ్బుంటే సీటు. మా చుట్టాల్లోనే ఎంసెట్‌లో లక్ష దాటిన ర్యాంకుతో కంప్యూటర్ సైన్స్ కొన్నారు, గృహప్రవేశం చేసినంత సంబరంగా స్వీట్లు పంచారు. అప్పుడు మెరిట్‌కి అన్యాయం అని ఒక్కరన్నా అన్నారా? పేదోడికి పాయింట్ నాలుగు కలిపితే మాత్రం దేశం పాడైపోతుంది! రిజల్ట్స్ వచ్చిన రోజు టీవీల్లో కార్పొరేట్ కాలేజీల యాడ్స్‌లో ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు అని అరుస్తారు కదా, ఆ ర్యాంకుల వెనక ఎన్ని లక్షల ఫీజు కట్టారో కూడా అదే గొంతుతో చదివితే బాగుండు.

విద్యా హక్కు చట్టం సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 1993లో గట్టిగా చెప్పిన ఉన్నికృష్ణన్ కేసు మన ఆంధ్రప్రదేశ్ మీదే, అదీ ప్రైవేట్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల (సీటు కోసం అదనంగా గుంజే డబ్బు) గొడవలోంచే వచ్చింది. 2002లో దాన్ని రాజ్యాంగంలో చేర్చారు, చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేట్ స్కూళ్ళలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలని అందులోనే రాసుంది, మన దగ్గర ఏళ్ళ తరబడి ఆ ఊసే ఉండేది కాదు. పైగా ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకే, అంటే ఎనిమిదో తరగతితో సరి. నేను మ్యాథ్స్ సార్ లేకుండా టెన్త్‌లో కూర్చున్నప్పుడు నాకు పదిహేనేళ్ళు, ఆ చట్టం లెక్కలో నేను లేనే లేను.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా, చెల్లిని డిగ్రీ చదివించా. బీటెక్ అయిపోయాక మార్కుల మెమోలన్నీ పట్టుకుని సోషల్ సార్ ఇంటికి వెళ్ళా, అప్పటికే రిటైరయ్యారు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మెమో మీద వేలు పెట్టి చూస్తూ, మిగతావన్నీ వదిలేసి "మ్యాథ్స్ ఎక్కడుందిరా ఇందులో?" అని అడిగారు. చూపించా. ఆ గ్రేడ్ చూసి వాళ్ళావిడని పిలిచి "ఇదిగో, మా లెక్కల క్లాసు పిల్లోడు" అన్నారు.