ఇంటి పత్రిక పెట్టాలనుకునే తమ్మునికి

మిర్యాలగూడ నుంచి డల్లాస్ వచ్చిన తమ్ముడొకడు అడిగిండు: "బంధువులందరికీ కుటుంబ పత్రిక పంపాలని ఉన్నది. వాట్సాప్ గ్రూపు ఉండగా అవసరమా? ఎట్ల మొదలుపెట్టాలె?"

అవసరమే తమ్మీ. ఎందుకో మొదటి చలికాలం గడిస్తేగాని మీ వయసోళ్లకు తెల్వదు. గ్రూపులో పొద్దున దండాలు, పుట్టినరోజు పూలు ఉంటయి, మనిషి కనపడడు. వీడియో కాల్ "తిన్నవా, చలి ఎట్లున్నది" కాడనే ఆగుతది. ఊర్లె అవ్వ ఒక్కతే, అపార్టుమెంటులో నువ్వొక్కనివే. పత్రిక ఉంటే నీకు ఫోన్ చేసే పని ఉంటది, అవ్వకు చెప్పే సంగతి ఉంటది. ఈడ నిలదొక్కుకున్నోళ్లమంతా ఇసువంటి ఆసరాలు పెట్టుకునే నిలబడ్డం.

నెలనెలా అనుకోకు, మూడో సంచికకే ఆగిపోతది. సంక్రాంతికి, మిరుగుకు (మృగశిర కార్తె), పెత్తరమాసకు (భాద్రపద అమావాస్య), ఏడాదికి మూడు చాలు. ఎనిమిది పేజీలంటే రెండు ఏ3 కాగితాలు, రెండు దిక్కులా ప్రింటు, నడిమికి మడత, మడత మీద రెండు పిన్నులు. పేజీలు నాలుగు లెక్కన పెరుగుతయి కాబట్టి ఏడు పేజీల సరుకుంటే ఎనిమిదోదాన్ని ఫోన్ నంబర్లకు వాడు. అక్షరం 14 పాయింట్లకు తగ్గొద్దు. చత్వారం అద్దాలతో చదివేటోళ్లకు మండలి ఫాంట్ మంచిగుంటది.

నల్లగొండలో ప్రింటు చేయిస్తే వర్డ్ ఫైలు పంపకు. అక్కడి డీటీపీ సెంటర్లలో చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడుతరు, నువ్వు ఫోన్ల, నెట్‌ల టైపు చేసే యూనికోడ్ అక్షరాలు అందులో చెదిరిపోతయి, ఒత్తులు విడిపోతయి. పీడీఎఫ్ పంపి "బుక్‌లెట్" అని చెప్పు. బయటి కాగితం మీద 8, 1 పేజీలు పక్కపక్కన రావాలె. 1, 2 వస్తే మడిచినంక వరుస తప్పుతది. ముందుగాల ఒక్క కాపీ తీయించి, మడిచి, ఫొటో పంపమను. అప్పుడే మిగతావి.

ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని అందరికీ చెప్పు, మామూలుగా పంపితే కుదించుకుపోయి అచ్చులో మసకగా వస్తయి. నాలుగు అంగుళాల వెడల్పు బొమ్మకు 1200 పిక్సెళ్లు కావాలె. పాత ఫొటో అద్దానికి అంటుకుంటే పీకొద్దు, రంగు ఊడివస్తది. కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా, కొంచెం వాలుగా తీయాలె. కింద ఎడమ నుంచి కుడికి పేర్లు, చుట్టరికపు వరుసలు రాయి. "పెద్దనాయిన కుటుంబం" అని రాస్తే పదేండ్ల తర్వాత అందులో ఎవరెవరో చెప్పేటోళ్లుండరు.

అసలు కష్టం సంగతులు రాబట్టుడు. డల్లాస్‌లో శనివారం రాత్రి 8 అంటే ఊర్లె ఆదివారం పొద్దున 6:30, ఈడ గడియారం గంట వెనక్కి తిప్పే చలికాలంలో 7:30. పొలానికి పోకముందే దొరుకుతరు. "అందరు మంచిగున్నరా" అంటే "ఆ, మంచిగనే" అని పెట్టేస్తరు. "ఈసారి పత్తి ఎన్నిసార్లు ఏరిన్రు? బత్తాయి తోటకు బోరు అందుతుందా? కురుమూర్తి జాతరకు ఎవరెవరు పోయిన్రు?" అని అడుగు, అర్ధగంట చెప్తరు. రాసుకున్నది వాళ్ల మాటతీరులోనే అచ్చువేయి.

జీతం, కారు, ఇంటి ధర పత్రికలో రానియ్యొద్దు. ఒక్కసారి వస్తే ఊర్లె అప్పులోనో కాన్పు ఖర్చులోనో ఉన్న ఇల్లు మాట్లాడుడు మానేస్తది, ఆ మౌనం మళ్ల విడిపించలేవు. భూమి పంచాయితీలు అసలే వద్దు. పెండ్లయిన ఆడబిడ్డల ఇండ్లు, భీవండి, సూరత్ పోయినోళ్ల ఇండ్లు జాబితాలో తప్పకుండా ఉండాలె. పత్రిక రాలేదని ఎక్కువ నొచ్చుకునేది వాళ్లే.

చిరునామాలు మళ్ల అడిగి రాసుకో. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మారినయి: పాత నల్లగొండ మూడయింది, పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడివడ్డయి, 2019లో నారాయణపేట. ఊరు, పోస్టు, మండలం, కొత్త జిల్లా, పిన్‌కోడ్ అన్నీ రాయి.

చావు కబురు పత్రిక దాకా ఆగొద్దు, ఫోన్లనే పోవాలె. పత్రికలో మాత్రం తేదీతోపాటు తిథి వేయి, సంవత్సరీకం దాని మీదనే కదా. డల్లాస్ సూర్యోదయానికి తిథి ఒకరోజు తేడా రావచ్చు, అందుకని ఏ ఊరి పంచాంగమో కూడా రాయి.

నువ్వు మొదటి సంచికను పెత్తరమాసకే పెట్టుకో. పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు పంతులు ముందట మూడు తరాల పేర్లు, గోత్రం చెప్పాలె. చాలామంది పిల్లలకు ముత్తాత పేరే రాదు. ఆ పేర్లు నడిమి పేజీలో పెద్దక్షరాలతో వేయి. వినాయక చవితి నాటికి ఫోన్లు అయిపోవాలె, నిమజ్జనం నాటికి పీడీఎఫ్ నల్లగొండలో ఉండాలె, పెద్దల దినాలు మొదలైన వారంలోపు కాపీలు పోస్టులో పడాలె. ముప్పై ఇండ్లుంటే ముప్పై అయిదు కాపీలు తీయించు, అయిదు పెత్తరమాసనాడు అడిగి తీసుకునేటోళ్లకు.