మెట్లు అతికే ముందు

చిన్నా,

నువ్వు వెల్డింగ్ మెషిన్ కొంటున్నావని, డాబా మీదికి ఇనప మెట్లు నువ్వే చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గాజువాక షెడ్లలో ముప్పై ఏళ్ళు హోల్డర్ పట్టినవాణ్ణి, మేనల్లుడు అదే పని నేర్చుకుంటానంటే ఎంత సంతోషమో! కానీ మెట్లు అన్నమాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

మెషిన్ సంగతి త్వరగా చెప్పేస్తా. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దు. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ తీసుకో, 200 ఆంప్స్‌ది. నీ పని 120 దాటదు, కాబట్టి మెషిన్ మీద భారం ఉండదు. డ్యూటీ సైకిల్ 60 శాతం అని రాస్తే ఆ ఫుల్ కరెంటు మీద పది నిమిషాల్లో ఆరు నిమిషాలే కాల్చాలని అర్థం. సన్నరాడ్డుకు ఇంట్లో 16 ఆంప్స్ సాకెట్ చాలు. లావురాడ్డు కాల్చాలంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడిగా లైను, ఎర్తింగ్ వేయించు.

కరిగి అతుకయ్యే రాడ్లు 6013 రకం కొను. 2.5 మిల్లీమీటర్లది, 3.15ది, ఈ రెండు సైజులు చాలు. షాపులో పన్నెండో నంబరు, పదో నంబరు అని అడుగు. గేటు గొట్టాలకు పన్నెండో నంబరు, 60 నుంచి 80 ఆంప్స్. మందపాటి యాంగ్లర్‌కు, అంటే ఎల్ ఆకారం ఇనప బద్దకు, పదో నంబరు, 100 నుంచి 120. 7018 రకం రాడ్డు బలమైనదని ఎవరైనా చెబితే ఆశపడకు. దాన్ని ఓవెన్‌లో ఎండబెట్టి వాడాలి, మన ఇళ్ళల్లో కుదరదు. 6013 అయినా సముద్రపు గాలికి చెమ్మెక్కుతుంది, పాకెట్ విప్పాక గాలి దూరని డబ్బాలో పెట్టు.

ఇక అసలు మాట. మీ అమ్మ కుడి మోచెయ్యి నిటారుగా చాపలేదు కదా. చిన్నప్పుడు జారిపడ్డానని నీకు చెప్పి ఉంటుంది. జారలేదురా. నేను అతికిన మెట్టు ఊడిపోయింది.

1988 శ్రావణమాసం. పని నేర్చి రెండేళ్ళు, అంతా వచ్చేసిందనుకునే వయసు. మన ఇంటికి మెట్లు చేస్తున్నాను, ఆరు మెట్లు మిగిలాయి. సాయంత్రం ఊళ్ళో వోల్టేజి పడిపోయింది. పదో నంబరు రాడ్డు పెడితే మాటిమాటికీ అతుక్కుపోతోంది. రేపు చేద్దాంలే అనుకుంటే పోయేది. మర్నాడు వ్రతం, చుట్టాలొస్తారు. సన్నరాడ్డు తీసి, వచ్చినంత కరెంటుతోనే మందపాటి యాంగ్లర్ మీద లాగించేశాను. స్లాగ్, అంటే అతుకు మీద గట్టిపడ్డ పెంకు, కొట్టి చూస్తే చేప పొలుసుల్లా ఎంత అందంగా ఉందో! మురిసిపోయి రెడ్ ఆక్సైడ్ పూసేశాను.

దసరా ముందు మీ అమ్మ మిరపకాయల గంప ఎత్తుకుని ఎక్కింది. నాలుగో మెట్టు ఒక పక్క ఊడింది. అప్పుడు తనకు పదిహేడేళ్ళు.

ఆస్పత్రి నుంచి వచ్చి ఆ మెట్టు చేతిలోకి తీసుకున్నాను. అతుకు ఊడిన చోట, అతికే ముందు ఆకురాయితో నేను రాసిన గీతలు చెరక్కుండా అలాగే ఉన్నాయి. అంటే ఇనుము కరగనే లేదు. కరిగిన రాడ్డు దాని మీద కూర్చుందంతే. నా పేరు బయటికి రానివ్వకుండా, జారిపడ్డానని అందరికీ చెప్పింది మీ అమ్మే. ఇప్పటికీ అదే చెబుతోంది.

అందుకే మెట్ల జోలికి వెళ్ళే ముందు ఒక పని చెయ్యి. అదే మందం ఫ్లాట్ ముక్కలు రెండు టీ ఆకారంలో నిలబెట్టి, ఒక పక్కే అతుకు. చల్లారాక బెంచి వైస్‌లో బిగించి, అతుకు విచ్చుకునేలా సుత్తితో వంచు. విరిగితే లోపల చూడు. మూల దాకా కరిగిందా, పాత అంచు అలాగే నున్నగా ఉందా, స్లాగ్ ఇరుక్కుందా? ఇరవై ముక్కలైనా పాడుచెయ్యి, రాడ్ల డబ్బు నేను పంపుతాను. వోల్టేజి తక్కువున్న రోజు మెషిన్ ముట్టుకోవద్దు. నామీద ఒట్టు.

తడి నేల మీద నిలబడి రాడ్డు మార్చకు, చేతులకు తోలు గ్లోవ్స్ ఉండాలి. హెల్మెట్ లేకుండా ఒక్క టాకా కూడా వెయ్యకు. ఆ వెలుగు చూస్తే కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట అప్పుడు రాదు, అర్ధరాత్రి మొదలవుతుంది. జీఐ పైపు అయితే జింకు పూత గీకేసి, ఆరుబయటే అతుకు.

వంచిన ముక్కలు పారెయ్యకు, వరసగా నంబర్లు వేసి గోనెసంచిలో ఉంచు. వచ్చే నెల వస్తాను. అవి చూశాకే మెట్లకు ఇనుము కొందాం, ఇద్దరం వెళ్ళి.

మీ మావయ్య