బూట్ల సంగతి సరే, వదిన సంగతేమిటి?

ప్రశ్న: అమ్మా, నాకు 26 ఏళ్ళు. హబ్సిగూడలో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ నాలుగేళ్ళ బాబుతో కలిసి ఉంటాను. హైటెక్ సిటీలో ఉద్యోగం. రోజూ మెట్రోలో వెళ్తాను. తార్నాకలో ఒకబ్బాయి ఎక్కుతాడు. ఆరు నెలలుగా చూస్తున్నాను. మాటలు లేవు కానీ చిన్న నవ్వు దాకా వచ్చాం. ఆయన కోసమే ఆడవాళ్ళకు కేటాయించిన చోటు వదిలి ఇటువైపు నిలబడతాను. పోయిన నెల అమీర్‌పేటలో జనం ఒక్కసారిగా తోసుకుని ఎక్కారు. నా బ్యాగు నలిగి, బాక్సు మూత ఊడి, ములక్కాడ పులుసంతా ఆయన తెల్ల బూట్ల మీద పడింది. ఆయన ‘పర్లేదండీ’ అన్నారు. పక్కనున్న ఫ్రెండ్ మాత్రం ‘వంటిల్లంతా మోసుకొచ్చినట్టున్నారు’ అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాతి స్టేషన్‌లోనే దిగిపోయాను. ఇదంతా మా వదిన వల్లే. మూత సరిగా బిగించలేదు. ఇంట్లోనే ఉంటుంది కదా, ఆ మాత్రం చూసుకోవద్దా? నేను ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ, అన్నయ్య ఆమెను గట్టిగా అన్నారు. అప్పటినుంచి వదిన నాతో మాట్లాడటం లేదు, బాక్సు కట్టడమూ మానేసింది. ఆ అబ్బాయి గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన కంటపడకూడదని ఇప్పుడు సికింద్రాబాద్‌లో మారి బస్సులో వెళ్తున్నాను. ఆయన మెడలోని ఐడీ కార్డు మీద పేరు చూసి ఇన్‌స్టాలో కనిపెట్టాను. సారీ అని మెసేజ్ పెట్టనా? కొత్త బూట్లు కొనిస్తే బాగుంటుందా? మళ్ళీ ఆ ట్రైన్ ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, హబ్సిగూడ

జవాబు: అమ్మా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను.

ముందు బూట్ల సంగతి తేల్చేద్దాం. పసుపు మరక సబ్బుతో రుద్ది ఎండలో పెడితే వెలిసిపోతుంది. ఆ అబ్బాయి ఆ ఆదివారమే కడిగి ఆరేసుకుని ఉంటాడు. ‘పర్లేదండీ’ అన్న మనిషికి, సైజు కూడా తెలియకుండా కొత్త జత కొనివ్వడం ఏమిటి? మెసేజ్ అసలే వద్దు. మెడలో వేలాడే కార్డు చూసి పేరు గుర్తుపెట్టుకుని, ఇన్‌స్టాలో వెతికి పట్టుకునే పని ఒక అబ్బాయి నీ విషయంలో చేసి ఉంటే ఏమనేదానివి? ఆడవాళ్ళను వేధించేవాళ్ళను పట్టుకోవడానికి హైదరాబాద్‌లో 2014 నుంచీ షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. నువ్వో, నీ ఫ్రెండ్సో వాళ్ళ నంబరు వెతికేవాళ్ళు. ఆడపిల్ల చేస్తే ముచ్చట, మగపిల్లాడు చేస్తే వేధింపు అంటే నేను ఒప్పుకోను.

సోమవారం నుంచి నీ మామూలు ట్రైన్ ఎక్కు. ఆయన కనిపిస్తే ‘ఆ రోజు సారీ అండీ, మరక పోయిందా?’ అని అడుగు. ఆరు నెలల్లో కలవని మాట పులుసు పుణ్యమా అని కలవొచ్చు. కలవకపోతే పోనీ.

అందరూ నవ్వారని బాధపడుతున్నావు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2000లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. కుర్రకారు వేసుకోవడానికి సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేయించి, విద్యార్థులను ఒక్కొక్కరిని తోటివాళ్ళున్న గదిలోకి పంపారు. గదిలో సగం మంది దాన్ని గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు మందే. నీ విషయంలో పులుసు వాసన కూడా ఉంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువమందే చూసి ఉంటారులే. అయినా రాయదుర్గం వచ్చేలోపు ఎవరి ఫోన్‌లోకి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

ఆ అబ్బాయి గురించి నేను చెప్పగలిగింది ఇంతే. నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే.

నువ్వు రాసింది నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి ఇచ్చాను. ఆయన ఏ రోజు ఏ రంగు చొక్కా వేసుకొచ్చాడో రాయడానికే ఒక పేజీ పట్టింది. వదిన గురించి అక్కడో ముక్క ఇక్కడో ముక్క. ఆ ముక్కల్లోనే చాలా చెప్పేశావు. పెళ్ళికి ముందు ఆమె స్కూల్లో లెక్కలు చెప్పేదని, బాబు పుట్టాక మానేసిందని రాశావు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, వంటింట్లో ఎక్కువసేపు నిలబడలేదని రాశావు. తెల్లవారకముందే లేచి నీకూ అన్నయ్యకూ బాక్సులు కట్టేది, బాబును తయారుచేసేది ఆమేనని రాశావు. నువ్వు ఎన్నింటికి లేస్తావో మాత్రం రాయలేదు.

మూత గురించి కూడా మాట్లాడుకుందాం. నేరమంతా దానిమీదే మోపావు కదా. నువ్వు బయల్దేరే హడావుడిలో పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పులుసు డబ్బాలో పోసిందని నువ్వే అన్నావు. వేడి పులుసు నిండుగా పోసి మూత పెడితే లోపలి ఆవిరి మూతను పైకి తోస్తుంది. మూతలోని రబ్బరు పాతదైతే ఇంకా తొందరగా వదులవుతుంది. ఆ పైన అమీర్‌పేట! మియాపూర్ – ఎల్బీనగర్ లైను నుంచి మాదాపూర్ వైపు వెళ్ళే వాళ్ళంతా మారేది అక్కడే. వచ్చేది మూడు కోచ్‌ల బండి. పొద్దున పూట ఆ తోపులాటలో బ్యాగు నలిగితే ఎంత బిగించిన మూతైనా ఊడొచ్చు. ఇందులో వదిన చేసిన కుట్ర నాకేమీ కనిపించలేదు. ఆ డబ్బాను రోజూ మోసేది నువ్వు. రబ్బరు వదులైందని ముందు తెలియాల్సింది నీకు. సాయంత్రం దాన్ని కడిగేది కూడా ఆమేనా?

మెట్రోలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు నీకు తల కొట్టేసినట్టయింది. నిజమే, పాపం. ఆ బాధ ఇంటికి తెచ్చి ఎవరి మీద దించావో చూడు. మొగుడి ముందు, అత్తగారి ముందు, బహుశా నాలుగేళ్ళ కొడుకు చూస్తుండగా ఆమె మాటలు పడింది. ఎందుకు పడిందో కూడా ఆమెకు తెలియదు. ఆ అబ్బాయి సంగతి ఇంట్లో చెప్పలేదు కదా! పులుసు ఒలికినందుకే ఇంతగా ఏడుస్తావా అని ఆమె ఎంత ఆలోచించి ఉంటుందో. మీ అమ్మగారు, అన్నయ్య ఒక డబ్బా మూత కోసం కోడలి మీద, భార్య మీద గొంతు పెంచారు. నువ్వు ఏడ్చింది వేరే దానికి అని నీ ఒక్కదానికే తెలుసు. తెలిసీ ఊరుకున్నావు.

నీకు సిగ్గేసింది, బస్సెక్కి తప్పించుకున్నావు. ఆమె ఏ బస్సెక్కాలి? పొద్దున్న లేస్తే అదే వంటిల్లు, అవే ముఖాలు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు మన పెద్దవాళ్ళు. నవ్వుతూ అనే మాటే కానీ చాలా ఇళ్ళలో అది నిజంగానే నడుస్తుంది. అన్నయ్య పెళ్ళిలో ఆడపడుచు లాంఛనాలని పట్టుచీర పుచ్చుకునే ఉంటావు. కొత్త దంపతులు గడప దాటబోతుంటే అడ్డంగా నిలబడి పేర్లు చెప్పించే ఉంటావు. అవన్నీ సరదాలు, నేనేం కాదనను. ఆ ఇంట్లో నీకున్న చనువు నీ కన్నీళ్ళకు ఎంత బలం ఇచ్చిందో మాత్రం గమనించుకో. నువ్వు ఏడిస్తే ఇల్లంతా కదిలింది. ఆమె మాట్లాడటం మానేస్తే ఎవరైనా వెళ్ళి ఎందుకని అడిగారా?

మీ అన్నయ్య మీద నాకు కోపంగానే ఉంది. చెల్లెలు చెప్పగానే, ఏం జరిగిందని భార్యను ఒక్క మాట అడగకుండా అరిచిన మనిషి ఆయన. కానీ ఉత్తరం రాసింది ఆయన కాదు, నువ్వు.

ఇంటి ఖర్చులకు నేనూ ఇస్తున్నాను అంటావేమో. ఇవ్వాల్సిందే. అది అన్నయ్య చేతికో, అమ్మ చేతికో వెళ్తుంది. వదిన పొద్దుటి నిద్రకు అందులోంచి ఏమీ రాదు. సొంతంగా సంపాదించుకునే ఆడపిల్లంటే నాకు గౌరవం. 26 ఏళ్ళొచ్చి, ఆరోగ్యంగా ఉండి, తన మధ్యాహ్నం తిండికి ఇంకొక ఆడమనిషిని నిద్ర లేపడం ఆ గౌరవానికి సరిపోదు. ఆమె బాక్సు కట్టడం మానేసిందని నువ్వు ఫిర్యాదుగా రాశావు. నన్నడిగితే చాలా మంచి పని చేసింది. అరవలేదు, పుట్టింటికి వెళ్ళలేదు, నీ గురించి చుట్టాలకు ఫోన్లు చేయలేదు. తను చేయక్కర్లేని పని చేయడం మానుకుంది. అలాగని మీ వదినను దేవతను చేసి చూపించడం లేదు. ఆమెకూ కోపతాపాలు ఉండే ఉంటాయి, నీకు తెలిసిన లోపాలూ ఉండొచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం న్యాయం ఆమె పక్కనుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఆమె మాటలు పడింది ఎవరి ముందో వాళ్ళ ముందే నువ్వు మాట్లాడాలి. వంటింట్లో చాటుగా చెవిలో చెప్పి వచ్చేస్తే కుదరదు. రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, అమ్మ, అన్నయ్య వింటుండగా ‘వదినా, ఆ రోజు తప్పు నీది కాదు. డబ్బా సరిగా పెట్టుకోవాల్సింది నేను. వేరే బాధ ఏదో ఉండి నీ మీదికి తోసేశాను’ అను. వేరే బాధ ఏమిటని అమ్మ అడిగితే తర్వాత చెప్తానని ఊరుకో. చీర కొనకు, స్వీట్ బాక్సు తేకు. కానుక పెడితే మాట తేలికైపోతుంది, ఆమె కూడా సరేలే అనక తప్పదు. ఆమెకు వెంటనే సరేలే అనకుండా ఉండే హక్కు ఉంది. ‘ఊఁ’ అని లేచి వెళ్ళిపోయిందనుకో, నేను ఇంత తగ్గినా పట్టించుకోలేదని మళ్ళీ అమ్మ దగ్గరకు వెళ్ళకు.

మర్నాటి నుంచి నీ బాక్సు నువ్వే కట్టుకో. గొప్ప వంటలేం అక్కర్లేదు. చపాతీ, వేపుడు, పులిహోర, పెరుగన్నం లాంటివి ఏ తోపులాటలోనూ ఎవరి బూట్ల మీదా పడవు. పులుసే కావాలనిపిస్తే చల్లారాక, మరచుట్టు మూత డబ్బాలో, పైన కాస్త ఖాళీ వదిలి పోసుకో. రబ్బరు మార్చు. అన్నయ్య బాక్సు జోలికి వెళ్ళకు, అది ఆయనా, ఆమే తేల్చుకుంటారు. ‘వదినా, ఏమైనా సాయం చేయనా’ అని గుమ్మంలో నిలబడి అడగడం కూడా మానెయ్. పని చెప్పడం కూడా ఒక పనే, ఆ పనీ ఆమె మీదే పడుతుంది. ఇంట్లో ఏదో ఒక పని, రాత్రి గిన్నెలు కడగడమో, బాబు స్నానమో, పూర్తిగా నీదిగా తీసుకో. ఎవరూ గుర్తు చేయకుండా జరిగిపోవాలి.

ఇంకొకటి. తెలంగాణలో స్కూళ్ళు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. బాబుకు నాలుగేళ్ళు కాబట్టి ఎలాగూ బడికి వెళ్తాడు. మీ వదిన మళ్ళీ లెక్కలు చెప్పుకుందామని అనుకుంటుందో లేదో నాకు తెలియదు. అనుకుంటే, ఆ మాట ఎత్తిన రోజు ‘మరి అమ్మనెవరు చూస్తారు, వంటెవరు చేస్తారు’ అని ముందుగా నోరు తెరిచేది నువ్వు కాకుండా చూసుకో.

రేపు నువ్వూ ఒక ఇంటికి కోడలివై వెళ్తావు, అప్పుడు తెలుస్తుంది అని భయపెట్టను. పెళ్ళి చేసుకుంటావో లేదో నీ ఇష్టం. ఈ ఇంట్లో ఇప్పుడున్న మనిషి చాలు.

ఆ అబ్బాయి గురించి చివరగా ఒక మాట. అతనితో నీ వ్యవహారం నిజంగా ముందుకెళ్తే ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో చెప్పాలి. మన ఇళ్ళలో ఇలాంటి కబురు ముందుగా వదిన చెవిన పడుతుంది, ఆమె అన్నయ్యను ఒప్పిస్తుంది, అన్నయ్య అమ్మ దగ్గరకు తీసుకెళ్తాడు. నీకు ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. తెరుచుకుంటుంది, తొందరపడకు. సారీ చెప్పిన వారమే వెళ్ళి ఆయన కథ ఎత్తితే, ఓహో పని పడి వచ్చిందా అనుకుంటుంది. అలా అనుకుంటే తప్పూ లేదు. కొన్ని నెలలు పోనీ. నీ బాక్సు నువ్వు కట్టుకోవడం ఇంట్లో అందరికీ మామూలైపోయాక, ఆమె తనంతట తానే నీ పక్కన కూర్చుని ఏదో కబురు చెప్పిన రోజున, నువ్వూ చెప్పు. అప్పటికి ఆ అబ్బాయి మీద నీకు ఈ మోజు మిగిలి ఉంటేనే సుమా.