తాతకి మూడు పుట్టినరోజులు

చిరంజీవి మేనల్లుడికి,

భీమవరం నుంచి మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. మా తాత, అంటే నీ ముత్తాత, 1900లో పుట్టాడా 1903లోనా అని తల పట్టుకున్నావు. మూడు కాగితాల్లో 1903 ఉంది కదా, అదే ఖాయం చేసేద్దామా అన్నావు. అలా ఓట్లు లెక్కపెట్టకు. పింఛను కాగితంలోని 1903 బడి రిజిస్టరులోంచి వచ్చింది. వంశవృక్షంలో మీ పెద్దమావయ్య వేసింది పింఛను కాగితం చూసే వేశాడు. అన్నయ్య దస్తూరీ ముచ్చటగా ఉంటుంది, అది చూసి లొంగిపోకు. మూడు కాగితాలైనా సాక్షి ఒక్కడే.

ఆ ఒక్క సాక్షి చెప్పేది 1903 జూలై 1. బడి రికార్డులో జూలై 1 కనబడగానే అనుమానించు. తేదీ తెలీదంటే మేష్టారే బడులు తెరిచే రోజులకు దగ్గర్లో ఒకటి వేసేసేవారు. ఉద్యోగం నాలుగు రోజులు ఎక్కువ నిలబడుతుందని ఒకటి రెండేళ్లు తగ్గించి చెప్పిన పెద్దలకూ కొదవ లేదు. అబద్ధమని కాదు, ఆ కాగితం పని బడిలో చేర్చుకోవడం వరకే.

జాతకం అలా కాదు, పుట్టినప్పుడే రాయించింది. అందులో శార్వరి, మాఘ బహుళం అని ఉంటే నువ్వు 1900 వేశావు. శార్వరి 1900 ఉగాదికి మొదలై 1901 ఉగాది దాకా నడిచింది. మాఘ ఫాల్గుణాలు ఇంగ్లీషు లెక్కలో తరవాతి ఏడాదిలోకి వెళ్లిపోతాయి. కాబట్టి తాత పుట్టింది 1901 ఫిబ్రవరిలో. ఇంకో చిక్కు ఉంది. మనకు వారం సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుట్టినవాడికి జాతకంలో గురువారం అని ఉంటే, క్యాలెండరులో అది శుక్రవారం. ఒక్క రోజు తేడా వచ్చిన చోట ముందు ఇది చూడు. తిథి, వారం, నక్షత్రం మూడూ రాసి ఉన్నాయి కాబట్టి పాత పంచాంగంతో సరిచూడొచ్చు. మూడూ కలిశాయా, సంవత్సరం గట్టిదే. వారం ఒక్కటే కలవకపోతే ఎత్తిరాసినవాడి చెయ్యి జారిందనుకోవచ్చు.

శార్వరి అరవై ఏళ్లకోసారి వస్తుందని మరిచిపోకు. 1840, 1900, 1960 మూడూ శార్వరులే. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం. ఒకే పేరు, ఒకే సంవత్సరం పేరు, మనుషులు మాత్రం ఇద్దరు. వంశవృక్షాల్లో ఒకడి పెళ్లి ఇంకొకడికి అంటుకునేది ఇక్కడే.

ఇప్పుడు 1920 నాటి అమ్మకం దస్తావేజు తియ్యి. నా దృష్టిలో నీ దగ్గరున్న వాటన్నిట్లోకీ విలువైన కాగితం అదే, నువ్వు చివర్న పెట్టావు. అందులో తాత తానే సంతకం చేశాడు, తల్లిని సంరక్షకురాలిగా చూపించలేదు. 1875 చట్టం ప్రకారం మామూలుగా 18 నిండితే మేజరు. 1903 జూలైలో పుట్టి ఉంటే అప్పటికి పద్దెనిమిది నిండవు. మైనరు అమ్మితే చెల్లదు, కాబట్టి డబ్బిచ్చి కొనేవాడు వయసు సంగతి వాకబు చెయ్యకుండా ఉండడు. 1901 అయితే లెక్క సరిపోతుంది. ఇదొక్కటే రుజువని అనను గానీ, జాతకానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒకరినొకరు చూడకుండా చెప్పిన ఇద్దరు ఒకే మాట అంటే దానికి బలం వేరు.

దస్తావేజులో తేదీలు రెండుంటాయి, రాసినది ఒకటి, రిజిస్ట్రీ అయినది ఒకటి. రాశాక రిజిస్ట్రీకి ఇవ్వడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది కాబట్టి తేడా చూసి కంగారుపడకు. శిస్తు రసీదు మీది 1329 ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే 1919. ఆ ఏడాది జూలై నుంచి 1920 జూన్ దాకా అన్నమాట.

1915 నాటిదని నువ్వు పంపిన పంపకాల కాగితంలో మాత్రం పశ్చిమ గోదావరి జిల్లా అని ఉంది. ఆ జిల్లా పుట్టిందే 1925లో. 1904 నుంచి అప్పటిదాకా భీమవరం, తణుకు, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. కాబట్టి నీ చేతిలో ఉన్నది తరవాతెప్పుడో తీసిన నకలు. విషయం నిజమే కావచ్చు, అందులోని తేదీలను మాత్రం అసలుతో పోల్చకుండా నమ్మకు.

ఇక మీ అమ్మమ్మ, అంటే మా అమ్మ పెళ్లి. శుభలేఖలో 1936, ఇంట్లో అందరూ చెప్పేది 1940. ఇక్కడ తగవే లేదు. 1936లో పెళ్లి, 1940లో కాపురానికి వచ్చింది. ఆ రోజుల్లో అవి రెండు వేరువేరు శుభకార్యాలు, ఏళ్ల తేడాతో జరిగేవి. పెళ్లి యానాంలో ఎందుకు చేశారని కూడా అడిగావు. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం అప్పట్లో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే నేరం. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్లది, అక్కడ ఆ చట్టం లేదు. అందుకే చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లేవారు. అమ్మకి అప్పటికి పదకొండేళ్లు. పెద్దవాళ్లు ఆ పెళ్లి ఏడాది చెప్పడానికి నసిగేది అందుకే. గుచ్చిగుచ్చి అడగకు, కాపురానికి వచ్చిన ఏడాది అడుగు, అది హాయిగా చెబుతారు.

చనిపోయిన తేదీలకు తద్దినం తిథి పట్టుకో. ఏడాది మరిచిపోయినా తిథి ఎవరూ మరిచిపోరు, ఏటా పెడతారు కదా.

వంశవృక్షంలో 1903ని కొట్టెయ్యకు. 1901 ఫిబ్రవరి, జాతకం ప్రకారం అని రాసి, కింద బడిలో 1903 జూలై 1 అని కూడా వెయ్యి. రేపు ఎవరికైనా పింఛను కాగితం దొరికితే నువ్వు తప్పు రాశావని దిద్దకుండా ఉంటారు.

దస్తావేజు మొదటి పేజీ ఒక్కటే పంపావు. వెనక రిజిస్ట్రారు ముద్ర, వేలిముద్రలు, సాక్షుల పేర్లు ఉన్న పేజీలు కూడా ఫోటో తీసి పంపు. సాక్షుల్లో మన బంధువులు ఎవరో నేను గుర్తుపట్టగలను.

ఇట్లు,
మీ మావయ్య