మాటకారి కాని అమ్మాయి హెచ్‌ఆర్‌లో రాణిస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బి.కాం. చివరి సంవత్సరంలో ఉంది. ఎంబీఏ హెచ్‌ఆర్ (మానవ వనరుల నిర్వహణ) చదువుతానంటోంది. నలుగురిలో ఎక్కువ మాట్లాడదు. ఇంటర్వ్యూలు చేసే ఉద్యోగం తనకు సరిపడుతుందా? – ఒక తల్లి, హిందూపురం

జవాబు: అమ్మా, ఇంటర్వ్యూలు హెచ్‌ఆర్‌లో మొదటి మెట్టు మాత్రమే. చేరినవారు ఎందుకు వెళ్లిపోతున్నారో కనిపెట్టడం అంతకంటే కష్టమైన పని. మీకు దగ్గర్లోనే పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం, దానికి విడిభాగాలు చేసే సంస్థలు ఉన్నాయి కదా. ఏ పరిశ్రమలోనైనా ఐటీఐ పూర్తిచేసి తొలిసారి ఇల్లు వదిలి వచ్చిన కుర్రాడిని ఊహించండి. రాత్రి షిఫ్టు అలవాటు కాదు. హాస్టల్ తిండి పడదు. చిన్న పొరపాటుకే సూపర్‌వైజర్ అందరి ముందూ అరుస్తాడు. రాజీనామాలో మాత్రం ‘సొంత కారణాలు’ అని రాసి వెళ్లిపోతాడు. ఆ రెండు మాటల వెనుక ఉన్నదేమిటో ముందే తెలుసుకోవాలంటే ఓపికగా వినే మనిషి కావాలి. మీ అమ్మాయి స్వభావం ఇక్కడ ఆమెకు బలమే.

అయితే వినడంతో పని అయిపోదు. ఆ సూపర్‌వైజర్ వయసులో ఎంత పెద్దవాడైనా ఎదుట కూర్చుని మర్యాదగా, గట్టిగా చెప్పగలగాలి. నిజానికి ఆయనదీ పూర్తిగా తప్పు కాదు. యంత్రం మీద బాగా పనిచేశాడని పదోన్నతి ఇస్తారు. కొత్తవారికి పని ఎలా నేర్పాలో, తప్పును ఎలా సరిదిద్దాలో ఆయనకు ఎవరూ నేర్పరు. ఆ శిక్షణ ఏర్పాటు చేయాల్సింది హెచ్‌ఆరే. చాలా సంస్థలు కొత్తవారి శిక్షణకు పెట్టే శ్రద్ధలో సగమైనా సూపర్‌వైజర్ల మీద పెట్టవు. జట్లు చెదిరిపోయేది అక్కడే.

బి.కాం. చదువు ఆమెకు కలిసొస్తుంది. జీతం లెక్క తప్పితే యాజమాన్యం ఇంకేం చెప్పినా కార్మికుడు నమ్మడు. పైగా పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన 4 కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, వేతనం లెక్క నుంచి మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే ఆ పైమొత్తాన్ని వేతనంలోనే లెక్కించాలి. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలకు ఇది కీలకం. ఇలాంటివి తెలిసిన హెచ్‌ఆర్ ఉద్యోగి మాటకు సంస్థలో విలువ ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ మేనేజ్‌మెంట్ కళాశాలకు గ్జాట్, ముంబయిలోని టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ)లో హెచ్‌ఆర్ కోర్సుకు క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. మన రాష్ట్ర కళాశాలలకు ఐసెట్ ఉంది. ఏ కళాశాలలో చేరినా ముందు అక్కడి విద్యార్థులను కలిసి, కార్మిక చట్టాలు ఎవరు బోధిస్తున్నారో, ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఇస్తున్నారో అడగండి. భవనాలు చూసి నిర్ణయించుకోవద్దు.

డిగ్రీ పరీక్షలు ముగిశాక రెండు మూడు నెలలు ఏదైనా పరిశ్రమ హెచ్‌ఆర్ విభాగంలోనో, జీతాల లెక్కలు చూసే ఆడిటర్ దగ్గరో పనిచేయనివ్వండి. జీతం ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆ తర్వాత కూడా ఇదే చదువుతానంటే, నిశ్చింతగా చేర్పించండి.