టీనేజ్‌లో ఆడిన ఆట పెద్దయ్యాక ఎంతవరకు పనికొస్తుంది?

"పదిహేనేళ్ల మా అమ్మాయి రోజూ గంటసేపు ఆటకే పెడుతోంది. ఆటనే బతుకుతెరువు చేసుకునేది లేదు కదా, తర్వాత దేనికి పనికొస్తుంది?" అని అడిగారు. నేను చదువుకునే రోజుల్లో వాలీబాల్ ఆడాను. గొప్ప ప్లేయర్నేమీ కాదు, ఆరో మనిషి తక్కువైతే పిలిచే రకం. ఇప్పుడు నలభై దాటాయి.

ముందు ఏది మిగలదో చెప్తాను. దమ్ము మిగలదు. ఆట మానేసిన కొన్ని వారాలకే తగ్గడం మొదలవుతుంది. "చిన్నప్పుడు తెగ ఆడాం, మాకేం కాదు" అనేవాళ్లు రెండంతస్తులు ఎక్కి రొప్పడం చూస్తూనే ఉంటాం.

ఎముకల సంగతి వేరు. ఎముకల్లో చేరాల్సిన ఖనిజంలో ఎక్కువ భాగం యుక్తవయసు ముగిసేలోపే చేరిపోతుంది. నడివయసు వచ్చేసరికి తరుగు మొదలవుతుంది. ఆడవాళ్లకైతే నెలసరి ఆగాక ఆ తరుగు ఇంకా వేగం. పైగా ఎముక తన మీద పడే ఒత్తిడిని బట్టి గట్టిపడుతుంది. టెన్నిస్ ప్లేయర్లలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతిదానికంటే దృఢంగా ఉంటుంది, చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లలో ఆ తేడా ఎక్కువ. మనిషి ఒక్కరే, తిండి ఒక్కటే, తేడా అంతా ఆటదే. ఎగరడం, ఉరకడం, చటుక్కున పక్కకు తిరగడం ఉన్న ఆటలు ఇందుకు మేలు. ఈత గుండెకు ఎంత మంచిదైనా, ఒంటి బరువును నీళ్లే మోస్తాయి కాబట్టి ఎముకకు అంత లాభం లేదు.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలనీ, వారంలో కనీసం 3 రోజులు కండనూ ఎముకనూ బలపరిచే పని ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీ అమ్మాయి ఆడే గంట ఎక్కువేమీ కాదు.

నా మటుకు నాకు బాగా మిగిలింది ఇంకొకటి. వాలీబాల్‌లో సర్వీస్ సరిగ్గా తీసుకోలేకపోయారనుకోండి, అవతలివాళ్లు మళ్లీ మీకే కొడతారు. మొహం మాడ్చుకునే టైమ్ ఉండదు, మోకాళ్లు వంచి నిలబడాల్సిందే. ఇద్దరి మధ్యకు బంతి వస్తే ఎవరో ఒకరు "నాది" అని అరవాలి. లేకపోతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే అది నేల మీద పడుతుంది. ఆఫీసులో సగం పనులు చెడేది ఇలాగే. ఎవరిదో తేలని పని కనబడితే "నేను చూస్తాను" అనడం నాకు ఆ కోర్టులోనే అలవాటైంది. అయితే ఆట ఆడిన ప్రతివాళ్లకూ బుద్ధులు వచ్చేస్తాయని చెప్పను. కోచ్ అరుపులకు విసిగిపోయి మళ్లీ బంతి ముట్టనివాళ్లూ నాకు తెలుసు.

ఇంకో లాభం బయటికి కనబడదు. ముప్పైల చివర్లో బ్యాడ్మింటన్ మొదలుపెట్టినప్పుడు కాళ్లు వాటంతటవే కదిలాయి. నాతో వచ్చినవాళ్లలో ఎప్పుడూ ఏ ఆటా ఆడనివాళ్లు కొన్నాళ్లకే మానేశారు. ఒళ్లు సహకరించక కాదు, అందరి ముందూ షాట్ మిస్సయితే సిగ్గు. పదిహేనేళ్లకే నలుగురి ముందు వందసార్లు మిస్సయినవాళ్లకు ఆ సిగ్గు ఉండదు.

రెండు జాగ్రత్తలు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంటే ఓర్చుకుని ఆడమనకండి. ప్రాక్టీస్ పెరిగాక నెలసరి తప్పుతుంటే ఫిట్‌నెస్ అనుకోకండి. చాలాసార్లు అది శ్రమకు తగ్గ తిండి అందడం లేదనడానికి గుర్తు, దానివల్ల ఎముకలకే నష్టం. డాక్టర్‌కు చూపించండి.

ఇక చదువు టెన్షన్ అంటారా, పరీక్షల నెలలో గంటను అరగంట చేయండి. పూర్తిగా మాన్పిస్తే మాత్రం మళ్లీ మొదలుపెట్టించడం కష్టం.