డిస్టోపియా సాహిత్యం పిల్లలకు ఎలా పరిచయం చేయాలి? నేనైతే ఒక చిన్న కథతో మొదలుపెడతాను

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు డిస్టోపియా కథలు, అంటే పైకి సవ్యంగా నడుస్తూనే మనుషుల స్వేచ్ఛను మింగేసే ఊహాలోకాల కథలు, పరిచయం చేయాలనుకుంటున్నాను, లక్షణాలు ముందే చెప్పాలా, ఇంత చీకటి కథలు చదివితే పిల్లలు దిగులుపడరా అని ఒకరు అడిగారు. నేను ఇంగ్లిష్ టీచర్ని, హైస్కూల్లోనూ ఆ తర్వాత జూనియర్ కాలేజీలోనూ ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పాను కాబట్టి నా క్లాసులో పనిచేసిన పద్ధతి చెప్తాను.

లక్షణాలు మాత్రం ముందు చెప్పకండి. నిఘా, నియంతృత్వం, స్వేచ్ఛ లేకపోవడం, ఎదురుతిరిగే కథానాయకుడు అని బోర్డు మీద రాశారంటే పిల్లలు వాటిని నోట్సులోకి ఎక్కించుకుని, బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు, కథ జోలికి వెళ్లరు. ఒక్క పీరియడ్‌లో అయిపోయే కథ చేతికివ్వండి. రే బ్రాడ్‌బరీ రాసిన ‘ద పెడెస్ట్రియన్’ నా మొదటి ఎంపిక, 1951లో అచ్చయింది, నాలుగైదు పేజీలకు మించదు.

కథాకాలం 2053. లెనార్డ్ మీడ్ అనే మనిషికి రాత్రిపూట ఊరికే వీధుల్లో నడవడం ఇష్టం. ముప్పై లక్షల జనాభా ఉన్న నగరం, అందరూ తలుపులు వేసుకుని టీవీల ముందు కూర్చుని ఉంటారు, పదేళ్లుగా నడుస్తున్నా అతనికి నడిచే మనిషి ఇంకొకరు ఎదురుపడలేదు. ఆ రోజు నగరంలో మిగిలిన ఒకే ఒక్క పోలీసు కారు వచ్చి ఆపి, ఏం పని చేస్తావని అడుగుతుంది. రచయితనంటాడు. వృత్తి ఏమీ లేదని రాసుకుంటుంది, ఎందుకంటే పుస్తకాలు కొనేవాళ్లే లేరు. పెళ్లి కాలేదు, ఇంట్లో టీవీ లేదు, గాలి కోసం నడుస్తున్నానంటున్నాడు, ఇంకేముంది, మానసిక చికిత్సా కేంద్రానికి తీసుకెళ్లిపోతుంది. ఆ కారులో మనిషే ఉండడు.

పోలీసు కారు వచ్చే ముందు ఆపండి. వీధుల్లో జనం ఎందుకు లేరో ఊహించమనండి. కర్ఫ్యూ అంటారు, యుద్ధం అంటారు, కరోనా చూసిన పిల్లలు కాబట్టి లాక్‌డౌన్ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తర్వాత కథ పూర్తిచేసి, ఇంట్లోనే ఉండమని వీళ్లకు ఎవరు చెప్పారో కథలోనే వెతికి చూపించమనండి. నడవకూడదనే చట్టం ఎక్కడా దొరకదు. ఎవరూ బలవంతం చేయలేదు సార్, వాళ్లే ఉండిపోయారు అని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అన్నప్పుడు క్లాసంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు సంబంధించినంతవరకు డిస్టోపియా ప్రధాన లక్షణం అదే. అక్కడి మనుషులకు అది మామూలు జీవితం, ఏదో ఒక సుఖం కోసమో భద్రత కోసమో ఒప్పుకుని తీసుకున్నదే. నిఘా, ఒంటరి మనిషి, మూతపడ్డ పుస్తకాలు, తేడాగా ఉన్నవాణ్ణి రోగి అనడం, ఇవన్నీ ఈ ఒక్క కథలోంచే పిల్లలు ఏరి తెస్తారు, అప్పుడు బోర్డు మీద రాయండి.

ఈ కథ ఎలా పుట్టిందో కూడా చెప్పండి. లాస్ ఏంజెలస్‌లో స్నేహితుడితో కలిసి రాత్రిపూట నడుస్తున్న బ్రాడ్‌బరీని ఒక పోలీసు ఆపి ప్రశ్నించాడు, దాంట్లోంచి ఈ కథ, ఆ దారిలోనే 1953లో ‘ఫారెన్‌హీట్ 451’ వచ్చాయి. తన కాలంలో కళ్లముందున్న ఒక చిన్న విషయాన్ని పట్టుకుని ఇంకా ముందుకు సాగదీశాడన్నమాట. పిల్లలు జాంబీ సినిమాలనూ, ప్రపంచం నాశనమైపోయిన సినిమాలనూ దీనితో కలిపేస్తారు, ఆ గందరగోళం ఇక్కడే తీర్చేయండి: అక్కడ వ్యవస్థ కూలిపోయింది, ఇక్కడ వ్యవస్థ చక్కగా నడుస్తోంది.

మా ఇంటర్ పిల్లలు ఎవరూ అడగకుండానే హాస్టల్ సంగతి ఎత్తారు. తెల్లవారుజామున స్టడీ అవర్, కారిడార్‌లో కెమెరాలు, ర్యాంకును బట్టి సెక్షన్లు. నేను ఆ చర్చ ఆపలేదు, కానీ కఠినమైన ప్రతి చోటూ డిస్టోపియా అయిపోతే ఆ మాటకు అర్థం ఉండదు కదా, అందుకే వాళ్లను మూడు ప్రశ్నలు అడిగాను: అక్కడి నుంచి బయటికి రాగలరా, ఇది తప్పు అని పైకి అనగలరా, వేరేలా బతకొచ్చని ఊహించుకోగలరా? మూడో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయారు.

తర్వాత రాయించండి. ఇప్పుడున్న ఏదైనా ఒక నియమాన్ని ముప్పై ఏళ్లు ముందుకు తీసుకెళ్లాలి, అది మంచి ఉద్దేశంతోనే మొదలైనట్టు చూపించాలి, ఇదొక్కటే షరతు. ఒక అబ్బాయి, పిల్లల ధ్యాస కొలిచే బ్యాండు గురించి రాశాడు, క్లాసులో కిటికీ వైపు చూస్తే అమ్మ ఫోన్ మోగుతుంది. ఆ బ్యాండు కావాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టింది అమ్మలే. లక్షణాలు వల్లె వేసిన పిల్లవాడికి ఇది తట్టదు.

దిగులు సంగతికొస్తే, మీ భయం నిజమే, అందుకే వయసు చూసి ఇవ్వాలి. తొమ్మిదికి లోయిస్ లౌరీ ‘ద గివర్’ సరిపోతుంది, 1993 నాటిది, ముగింపు మన ఊహకే వదిలేస్తుంది. జార్జ్ ఆర్వెల్ ‘1984’లో చివరి భాగంలోని చిత్రహింసలు ఆ వయసుకు బరువు, ఇంటర్ చివర్లోనో డిగ్రీలోనో చదివించండి, ఆయన 1903లో బీహార్‌లోని మోతీహారీలో పుట్టాడని చెప్తే పిల్లలు భలే ఆసక్తిగా వింటారు. దాని పక్కన హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ పెట్టండి, ఒకచోట భయంతో లొంగదీస్తారు, ఇంకోచోట సుఖంతో. ‘1984’ చదివించినప్పుడు చివర్లో భాష గురించి ఉన్న అనుబంధం వదిలేయకండి. నవలలోని నియంతృత్వ పాలన గురించి అందులో మొత్తం భూతకాలంలో రాసి ఉంటుంది, అంటే అది ఎప్పుడో అంతమైందనే సూచన అని కొందరు పాఠకులు వాదిస్తారు. నేను చెప్పకుండా పిల్లలనే ఆ క్రియాపదాలు గమనించమంటాను.